కంప్యూటరు పరీక్షలో ప్రశ్న రూపము



పరీక్షలను గూర్చిన ప్రసంగమనగానే కొందరికి విసుగు కలుగవచ్చును. పరీక్ష వ్రాసినవారు దానిని మరువగోరుదురు. వ్రాయవలసినవారు దానిని తలపగోరరు. అయినను నేడు నేను ముచ్చటింపదలచినది పరీక్షను కూర్చువారి పనిని గూర్చి. ముప్పది యేండ్లుగా ఉన్నత పాఠశాలలో గణితము చెప్పుచున్నాను. కొన్ని యేండ్లుగా మా పిల్లల పరీక్షలలో కొన్ని కంప్యూటరు మీద జరుగుచున్నవి. ఆ పరీక్షలకు ప్రశ్నలు కూర్చుచు నేను గమనించిన సంగతులను మీ యెదుట ఉంచుచున్నాను.

ఇట్టి పరీక్షలకై ఏర్పడిన సాధనములను డిజిటల్ వేదికలందురు. 2002లో వెలువడి, ఎవరైనను వెల చెల్లింపకయే వాడుకొనుటకు వీలుగా నున్న మూడిల్ వానిలో నొకటి. ఉపాధ్యాయుడు క్రొత్త ప్రశ్నను చేర్చబోగానే ఆ వేదిక మొట్టమొదట ప్రశ్న యొక్క జాతిని అడుగును. నాలుగింటిలో నొకటి గుర్తించుటయా, ఒప్పో తప్పో చెప్పుటయా, జతపరచుటయా, సంఖ్యను వేయుటయా, ఒక మాట వ్రాయుటయా, వివరించి వ్రాయుటయా అని వరుసగా చూపి, ఒకటి ఎన్నుకొమ్మనును. ఈ ఎన్నిక రెండు క్షణముల పని. పెక్కుమంది ఆలోచింపకయే మొదటిదానిని నొక్కి ముందుకు సాగుదురు. కాని పిల్లవాని మనస్సు ఆ ప్రశ్న యెదుట ఏ పని చేయవలెనో, ఏ పని చేయనక్కరలేదో ఆ నొక్కుటతోనే నిర్ణయమై పోవుచున్నది.

ఒక చిన్న లెక్కను తీసుకొందము. అరకు పావు కూడిన నెంత? భిన్నములలో చెప్పవలెనన్న 1/2, 1/4 ల మొత్తమెంత? ముప్పావు. సంతలో కూరలమ్ము వారెవరును దీనికి తడుముకొనరు. కాని బడిలో పిల్లవాడు పై అంకెలను కూడి 2, క్రింది అంకెలను కూడి 6, మొత్తము 2/6 అని వేయును. 2/6 అనగా మూడవ వంతు. అది అర కంటె తక్కువ. అరకు పావు చేర్చగా ఉన్న అరయే తరిగిపోయినదన్నమాట! ఇది వింతగా నున్నదని వానికి తోచకపోవుటయే అసలు లోపము. ఈ యొక్క లెక్కనే వేర్వేరు రూపములలో అడిగి, ఏ రూపము మనకేమి తెలుపునో చూతము.

మొదటిది, మన పిల్లలు బిట్లని పిలుచు రూపము. ప్రశ్న క్రింద నాలుగు జవాబులుండును, ఒకటి గుర్తింపవలెను. దీనిని తేలికగా త్రోసివేయరాదు. బాగుగా కూర్చిన బిట్టు వైద్యుని నాడీపరీక్ష వంటిది. 3/4, 2/6, 1/8, 2/4 అని నాలుగు జవాబులిచ్చితిననుకొనుడు. 2/6 గుర్తించినవాడు పైవానిని పైవానితో, క్రిందివానిని క్రిందివానితో కూడినాడు. 1/8 గుర్తించినవాడు కూడికకు మారుగా గుణించినాడు. 2/4 గుర్తించినవాడు హారమును 4 చేయవలెనని యెరుగును గాని, దానితో పాటు లవమును మార్చుట మరచినాడు. ఇట్లు ప్రతి తప్పు జవాబునకును ఒక కారణముండిన, మరునాడు ఎవరికేమి చెప్పవలెనో ఉపాధ్యాయునికి తెలియును. కారణము లేని జవాబును స్థలము నింపుటకై చేర్చిన ప్రయోజనము లేదు. 2005లో మైకేల్ రాడ్రిగెజ్ అను అమెరికా పరిశోధకుడు ఎనుబది యేండ్ల పరిశోధనలను కూర్చి చూచి, సాధారణముగా మూడు జవాబులే చాలునని తేల్చెను. నాలుగవది తరచు ఎవరును నమ్మని జవాబై ఊరకుండును.

ఈ రూపము పుట్టుటకు కారణము కూడ మంచిదే. 1915 ప్రాంతమున అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రమున ఫ్రెడరిక్ కెల్లీ అను విద్యావేత్త, ఒకే విధమైన వ్రాతకు ఒక్కొక్క ఉపాధ్యాయుడు ఒక్కొక్క విధముగా మార్కులిచ్చుట చూచి, దిద్దువాని ఇష్టానిష్టములకు తావులేని పరీక్ష నొకటి కూర్చెను. 1917లో అమెరికా యుద్ధమున ప్రవేశించినప్పుడు అక్కడి సైన్యము ఇట్టి పరీక్షలతోనే పదునేడు లక్షలకు పైగా మనుష్యులను పరీక్షించెను. 1938లో ఐ.బి.ఎం. సంస్థ, పెన్సిలు గుర్తు గుండ విద్యుత్తు ప్రవహించుటను బట్టి జవాబులను లెక్కించు యంత్రమును వెలువరించెను. కావున ఈ రూపమునకు తల్లి న్యాయదృష్టి, తండ్రి త్వరితము అనవచ్చును. మన కాలమునకు వచ్చుసరికి బిడ్డ తండ్రి పోలికలనే ఎక్కువగా పుణికి పుచ్చుకొన్నది. లక్షలమంది జవాబులను ఒక్క దినమున దిద్దగలుగుట గొప్ప సౌకర్యము. ఆ సౌకర్యము నలుబది మంది యున్న మా తరగతి గదిలోనికి కూడ వచ్చి కూర్చున్నది. అక్కడ దాని అవసరమెంత అన్నదే నా సందేహము.

ఇక ఊహించి గుర్తించుటను గూర్చి. చీకటిలో బాణము వేసినట్లు గుర్తుపెట్టువానికి నాలుగు జవాబుల ప్రశ్నలో నాలుగింట నొక పాలు అదృష్టము కలదు. పది ప్రశ్నలకు ఐదు వచ్చిన గట్టెక్కినట్లని పెట్టితిమా, ఏమియు చదువక గుర్తులు పెట్టిన నలుబది మందిలో సగటున ముగ్గురు గట్టెక్కుదురు. ఒప్పో తప్పో చెప్పుమను ప్రశ్నలైనచో ఆ నలుబది మందిలో సుమారు ఇరువది యైదుగురు గట్టెక్కుదురు! కావున ఒప్పు తప్పుల రూపమును తరగతిలో పిల్లలను మేలుకొల్పుటకు వాడవచ్చును గాని, దానిని బట్టి ఎవరి చదువును తూచరాదు.

ఈ అదృష్టమును అణచుటకై తప్పు జవాబునకు మార్కు తగ్గించు పద్ధతి యున్నది. మన రెండు తెలుగు రాష్ట్రముల ఎప్‌సెట్ పరీక్షలలో 160 ప్రశ్నలకు 160 మార్కులు. తప్పునకు తగ్గింపు లేదు. కావున అక్కడ ఒక్క ప్రశ్నను విడిచినను నష్టమే. జె.ఇ.ఇ. మెయిన్ పరీక్షలో ఒప్పునకు 4 మార్కులు, తప్పునకు ఒక మార్కు కోత. శ్రోతలు వ్రేళ్ళపై లెక్కించి చూడవచ్చును: గ్రుడ్డిగా నాలుగు ప్రశ్నలకు గుర్తుపెట్టిన, సగటున ఒకటి ఒప్పై 4 వచ్చును, మూడు తప్పై 3 పోవును, ఇంకను ఒకటి మిగులును. భయము పుట్టించు ఆ కోత నిజమునకు ఊహను పూర్తిగా అడ్డగింపదు. గేట్ పరీక్షలో ఒక మార్కు బిట్టునకు తప్పైన మార్కులో మూడవ వంతు కోత. అక్కడ ఒకటి వచ్చి, మూడు మూడవ వంతులు, అనగా ఒకటి, పోవును, లెక్క సరిసమానము. అయితే ఈ కోతలన్నిటి వలన ఒక చిక్కున్నది. అర్ధ జ్ఞానముండియు ధైర్యము చాలని పిల్ల జవాబు విడిచిపెట్టును. అంతకంటె తక్కువ తెలిసియు తెగువగల పిల్లవాడు గుర్తుపెట్టి లాభము పొందును. చదువును కొలువబోయి మనము తెగువను కొలుచుచుందుము. అమెరికాలోని శాట్ పరీక్షవారు 2016లో ఈ కోతను ఎత్తివేసిరి.

మూడిల్ వేదికలో దీనికి మరియొక మార్గము కలదు. జవాబుతో పాటు, నీకెంత నిశ్చయము అని కూడ అడుగవచ్చును. కొంచెమే నిశ్చయమన్నవానికి ఒప్పైన 1, తప్పైన సున్న. మధ్యస్థముగా నున్నవానికి ఒప్పైన 2, తప్పైన 2 కోత. మిక్కిలి నిశ్చయమన్నవానికి ఒప్పైన 3, తప్పైన 6 కోత. తనకేమి తెలియునో, ఏమి తెలియదో తానే తూచుకొనుట నేర్పుటకు ఇది చక్కని సాధనము. అభ్యాసములలో దీనిని వాడి లాభము పొందితిని. భవిష్యత్తును నిర్ణయించు పరీక్షలలో మాత్రము పిల్లలను ఇట్టి జూదమున దింపుట నాకు సమ్మతము కాదు.

రెండవ రూపము సంఖ్యను వేయించుట. జవాబులు చూపము, అరకు పావు కూడి వచ్చిన సంఖ్యను విద్యార్థియే వేయవలెను. ఊహకు దాదాపుగా తావులేదు. ఇచ్చిన జవాబులను వెనుకనుండి సరిచూచి తేల్చుకొను మార్గమును మూసికొనిపోవును. ఎదుట నున్నదానిని గుర్తుపట్టుట వేరు, మనస్సునుండి వెలికి తీయుట వేరు. గణితమునకు ఇది బిట్టుకంటె మేలైన రూపమని నా అభిప్రాయము. కాని ఇందును జాగ్రత్త కావలెను. యంత్రము 0.75 కొరకు ఎదురుచూచుచుండగా పిల్లవాడు 3/4 అని వేసిన, ముందుగా చెప్పి యుంచనిచో యంత్రము తప్పనును. పొడవులు, బరువులు అడిగినప్పుడు ఎంతవరకు హెచ్చుతగ్గులు ఒప్పుకొందుమో ముందుగా నిర్ణయింపవలెను. అంతేకాక, పిల్లవాడు తప్పు సంఖ్య వేసినప్పుడు ఎక్కడ తప్పినాడో బిట్టు చెప్పినంత స్పష్టముగా ఇది చెప్పదు.

మూడవది, ఒక మాటగాని రెండు మాటలుగాని వ్రాయించుట. ఇంగ్లీషు మాధ్యమమున ఇది సులభముగా కనిపించును. మన భాషకు వచ్చుసరికి దీనియందొక అన్యాయము దాగియున్నది. భిన్నములో గీత క్రింది సంఖ్యను ఏమందురు అని అడిగితిననుకొనుడు. ఒకరు హారము అందురు, ఒకరు హారం అందురు. ముప్పావు అనుటకు కొన్ని సీమలలో ముక్కాలు అందురు. చదువరికి రెండును ఒకటే. అక్షరమునకు అక్షరము సరిపోల్చు యంత్రమునకు వేర్వేరు. దీనికంటె విచిత్రమైన సంగతి మరియొకటి యున్నది. తెలుగులో పొల్లును నిలుపుటకై కంటికి కానరాని సంకేత మొకటి అక్షరముల వెంట చేర్చబడుచుండును. న్యూటన్ అను పేరు చివర ఆ సంకేతమున్నను లేకున్నను తెరమీద ఒకే రీతిగా కనిపించును. కాని యంత్రము రెండింటిని వేర్వేరు మాటలుగా నెంచవచ్చును. అప్పుడు ఒప్పు వ్రాసిన పిల్ల తన జవాబును, యంత్రము చూపు జవాబును ప్రక్కప్రక్కన పెట్టి చూచి, రెంటికిని భేదము కానక తెల్లబోవును. ఇంతకును తెలుగక్షరములను వ్రేళ్ళతో కొట్టుట ఎందరు పిల్లలకు అలవాటు? అనేకులు ఇంగ్లీషు అక్షరములను నొక్కి తెలుగును తెప్పించుకొందురు. ఇంగ్లీషు అక్షరములు చక్కగా రాని పల్లెబడి పిల్లకు తెలుగు జవాబు తెలిసియు యంత్రముపై వ్రాయుట రాదు. ఆమె చదువునకు బదులు ఆమె వ్రేళ్ళ అభ్యాసమును మనము పరీక్షించుచున్నాము. కావున ఈ రూపమును వాడదలచినవారు, ఒప్పుకొనదగిన రూపభేదములన్నిటిని ముందుగా చేర్చి, తరువాత యంత్రము తప్పన్న జవాబులను ఒక్కమారైనను తమ కంటితో చూడవలెను.

జతపరచుట, బొమ్మమీద పేర్లను లాగి పెట్టుట మున్నగునవి చూచుటకు సొగసుగా నుండును. జతపరచుటలో నాలుగింట మూడు తెలిసిన నాలుగవది తనంతట వచ్చును. కావున ఒక వైపున ఒకటి రెండు ఎక్కువగా చేర్చుట మంచిది. లాగి పెట్టు రూపములో మరియొక చిక్కు కలదు. చూపు లేని విద్యార్థి తెరమీది మాటలను చదివి వినిపించు సాధనముతో పరీక్ష వ్రాయును. బొమ్మను చూచి లాగి పెట్టుట అతనికి సాధ్యము కాదు. తరగతిలో అట్టి విద్యార్థి ఒక్కడున్నను ఆ రూపమును మానుకొనవలెను.

కడపటిది వివరించి వ్రాయించుట. 2/6 ఎందుకు జవాబు కాజాలదో రెండు వాక్యములలో వ్రాయుము అని మా తరగతిలో అడిగితిని. బిట్టులో 3/4 ను సరిగా గుర్తించిన ఒక బాలుడు, 2/6 ను ఇంకను చిన్నది చేయవచ్చును గనుక అది జవాబు కాదు అని వ్రాసెను. అనగా గుర్తుపట్టుట వచ్చినది గాని కారణము తెలియలేదు. అట్లే 3/4 ను గుర్తించిన ఒక బాలిక, అర కిలో ఉన్న తక్కెడలో పావు కిలో వేసిన తరువాత తూకము తగ్గునా అని వ్రాసెను. యంత్రము ఇద్దరికిని సమానముగా ఒక్కొక్క మార్కు ఇచ్చియుండెను. మరునాడు ఆ బాలునితో నేను మొదటినుండి మాటలాడవలసి వచ్చెను. ఆ బాలిక మాటను తరగతికంతకును పాఠముగా చెప్పితిని. ఈ భేదమును నాకు తెలిపినది ఆ రెండు వాక్యములే.

వ్రాయించిన దిద్దవలెను, దిద్దుటకు తీరికెక్కడ అని తోటి ఉపాధ్యాయులు అడుగుదురు. ఆ ప్రశ్న న్యాయమైనది. నలుబది మందికి ఇట్టి రెండు వాక్యముల ప్రశ్నలు మూడిచ్చిన, ఒక్కొక్కదానికి నిమిషము చొప్పున రెండు గంటల పని. అందుకై పరీక్షనంతయు ఇట్లే చేయనక్కరలేదు. పదిహేను ప్రశ్నలలో ఒక్కటి వ్రాతకు విడిచిన నలుబది నిమిషములతో తీరును. తక్కినవానిని దిద్దుటలో యంత్రము మనకు మిగిల్చిన కాలము అంతకంటె ఎక్కువ. తెలుగు కొట్టుట రానివారు కాగితముమీద వ్రాసి, దాని ఛాయాచిత్రమును వేదికకు చేర్చవచ్చును; మూడిల్ వంటి వేదికలలో దానికి వీలున్నది. యంత్రము మిగిల్చిన కాలమును యంత్రము చేయలేని పనికి వాడుట న్యాయముగదా.

అభ్యర్థిని బట్టి తానే మారు పరీక్ష కూడ నొకటి కలదు. అమెరికాకు చదువులకై వెళ్ళు మన తెలుగు విద్యార్థులు జి.ఆర్.ఇ. పేర దానిని ఎరుగుదురు. 2011 నుండి అందు మొదటి విభాగమున బాగుగా చేసినవారికి తరువాతి విభాగము కఠినముగా వచ్చును. శాట్ కూడ 2024 నాటికి అమెరికాలో కంప్యూటరు మీదికి మారి, ఇట్టి పద్ధతినే అవలంబించినది. తక్కువ ప్రశ్నలతో సరిగా తూచుట దీని గుణము. కాని ప్రతి ప్రశ్న యొక్క కాఠిన్యమును ముందుగా అనేకులపై పరీక్షించి స్థిరపరచి యుండవలెను. ఒక్క పాఠశాలకు అది అలవికాదు. వేదికలో అట్టి మీట కనిపించినంత మాత్రమున దానిని నొక్కుట తగదు.

ఇక ఎన్నుకొనుట ఎట్లు? నేను ప్రతి ప్రశ్నకు ముందు మూడు మాటలు నన్ను నేను అడుగుకొందును. ఈ ప్రశ్నకు జవాబు చెప్పుటకు పిల్లవాని మనస్సు గుర్తుపట్టవలెనా, తేల్చవలెనా, కారణము చెప్పవలెనా? గుర్తుపట్టుట చాలునన్న బిట్టు, తేల్చవలెనన్న సంఖ్య, కారణము కావలెనన్న వ్రాత. రెండవది, జవాబు తెలిసిన పిల్లకు ఈ రూపము వలన అడ్డు వచ్చునా? చూపో, వ్రేళ్ళో, భాషయో, నడుమ ఆగిపోవు విద్యుత్తో అడ్డమైన, రూపమును మార్చవలెను. మూడవది, ఈ జవాబును చూచి రేపు నేనేమి చేయుదును? ఏమియు చేయనిచో ఆ ప్రశ్నను అడుగుటయే వృథా.

ఈ మూడింటిలో మొదటిది ముఖ్యమని నా నమ్మకము. పిల్లలు మనము చెప్పినదానికంటె మనము అడుగుదానినే ఎక్కువగా సాధన చేయుదురు. 2006లో రోడిగర్, కార్పికీ అను మనస్తత్త్వ శాస్త్రజ్ఞులు చేసిన ప్రయోగములలో, ఒక పాఠమును మరల మరల చదివినవారికంటె, చూడక తలచుకొని వ్రాసినవారికి వారము తరువాత ఎక్కువ జ్ఞాపకముండెను. వెలికి తీయుటయే చదువును స్థిరపరచునన్నమాట. ఆరవ తరగతి మొదలు ఇంటరు వరకు ఒక పిల్ల వేలకొలది బిట్లకు గుర్తులు పెట్టి, ఒక కారణమును తెలుగులో రెండు వాక్యములుగా చెప్పు అవకాశము పొందకయే బడి దాటిపోవుచున్నదనుకొనుడు. ఆమె ఫలితముల పత్రమున మార్కులు నిండుగానే యుండవచ్చును. కాని పొలము కౌలుపత్రమునో, బ్యాంకు అప్పు కాగితమునో చేతికిచ్చి, ఇందులో తప్పెక్కడ అని అడిగిననాడు ఆమె యెదుట నాలుగు జవాబులుండవు.

తక్కెడను గూర్చి వ్రాసిన ఆ బాలిక వంటివారు ప్రతి తరగతిలో నుందురు. వారికి మాట్లాడుటకు ప్రతి పరీక్షలోను ఒక్క ప్రశ్ననైనను విడువుడని తోటి ఉపాధ్యాయులను కోరుచున్నాను. తల్లిదండ్రులతో కూడ ఒక మాట. మీ బిడ్డ కంప్యూటరు పరీక్ష వ్రాసి వచ్చినప్పుడు ఎన్ని మార్కులు వచ్చినవని అడుగుడు, తప్పులేదు. ఆ వెంటనే ఒక జవాబును చూపి, ఇది ఎందుకు ఒప్పైనది అని కూడ అడుగుడు. ఆ బిడ్డ చెప్పు నాలుగు మాటలను ఓపికతో వినుడు.